బతికుండగానే తెగాల్సిన లెక్క

కర్నూలు జిల్లా పత్తికొండ రెవెన్యూ డివిజన్‌ 2022 ఏప్రిల్‌ 4న ఏర్పడింది. అప్పటి నుంచి ఈ ప్రాంతానికి సొంత ఆర్డీవో ఉన్నారు. పట్టాలు, సర్వేలు, కులధ్రువీకరణలతో పాటు ఆయన చేయాల్సిన పని ఇంకొకటుంది. అప్పుల బాధతో రైతు ప్రాణం తీసుకున్నప్పుడు, అది నిజంగా అప్పుల వల్ల జరిగిన చావేనా అని తేల్చే త్రిసభ్య కమిటీకి ఆయనే పెద్ద. పక్కన డీఎస్పీ, వ్యవసాయశాఖ సహాయ సంచాలకులు ఉంటారు. 2004 జూన్‌లో వచ్చిన 421వ జీవో ఈ పద్ధతికి మూలం. అప్పట్లో బాధిత కుటుంబానికి లక్షన్నర ఇచ్చేవారు. అందులో లక్ష కుటుంబం నిలదొక్కుకోవడానికి, యాభై వేలు అప్పులవాళ్లతో ఒకేసారి తెంచుకోవడానికి. 2015లో మొత్తం ఐదు లక్షలైంది, 2019 తర్వాత ఏడు లక్షలైంది.

ఆ కమిటీ ఏం చేస్తుందో ఒకసారి నిదానంగా చూడాలి. చనిపోయిన మనిషి పట్టాదారు పాసుపుస్తకం తెప్పిస్తుంది. బ్యాంకులో బాకీ ఎంత, బయట ఎవరెవరి దగ్గర నోట్లు రాశాడు, ఎంత వడ్డీకి తెచ్చాడు, ఎంత పొలం గుత్తకు చేశాడు అని ఒక్కొక్కటీ రాసుకుంటుంది. అప్పిచ్చినవాళ్లను పిలిపించి, ఇంతటితో సరిపెట్టుకోండి అని చెప్పే వీలు కూడా ఆ జీవోలో ఉంది. అంటే ఒక మనిషి బాకీలన్నీ ఒక్కచోట పేర్చి, లెక్క తెంచే అధికారి మన వ్యవస్థలో ఉన్నాడు. మనిషి పోయిన తర్వాత మాత్రమే ఉన్నాడు.

బతికున్నవాడికి ఏముంది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ఉన్నది 1920 నాటి ప్రొవిన్షియల్‌ ఇన్సాల్వెన్సీ చట్టం. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో వేరే దివాలా చట్టం చేశారు. మిగతా జిల్లాలకు 1907లో ఒకటి తెచ్చి, దాని స్థానంలో 1920లో దీన్ని నిలబెట్టారు. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు వాసులకు నేటికీ ఇదే వర్తిస్తుంది. ‘ఐపీ పెట్టాడు’ అని ఊళ్లో అనుకునేది ఈ చట్టం కింద వేసే పిటిషన్‌నే. బాకీలు ఐదువందల రూపాయలకు తగ్గకుండా ఉండి, తీర్చే శక్తి లేదని చెప్పుకోగలిగితే ఎవరైనా కోర్టుకు పోవచ్చు. ఐదువందలన్న ఆ అంకె నూరేళ్లుగా మారలేదు. కోర్టు పిటిషన్‌ ఒప్పుకుంటే ఆస్తి రిసీవర్‌ చేతికి పోతుంది. ఆపైన కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు విడివిడిగా దావాలు వేయడానికి లేదు. రిసీవర్‌ ఆస్తి అమ్మి అందరికీ దామాషాలో పంచుతాడు. కొంతకాలానికి బాకీదారు డిశ్చార్జి కోరితే, మోసంతో చేసిన అప్పులు, సర్కారు బకాయిలు, భార్యాపిల్లల మనోవర్తి తప్ప మిగతా బాకీల నుంచి బయటపడతాడు.

అన్నీ ఊడ్చుకుపోయేలా కూడా ఆ చట్టాన్ని రాయలేదు. సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ 60వ సెక్షన్‌ ప్రకారం జప్తుకు లొంగని వస్తువులేవీ రిసీవర్‌కు దక్కవు. ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పరుపులు, ఆచారం ప్రకారం ఒంటినుంచి తీయరాని తాళిబొట్టులాంటి నగలు, సేద్యగాడి ఎద్దులు, పనిముట్లు, విత్తనాలు, అతడు కాపురముండే ఇల్లు, చేతివృత్తివాడి పనిముట్లు ఇందులోకి వస్తాయి. ఎమ్మిగనూరు నేతగాడి మగ్గాన్ని మామూలు బాకీ కింద వేలం వేయడానికి చట్టం ఒప్పుకోదు. కాగితం మీద ఇది దయగల చట్టమే. అయినా దేవనకొండ, తుగ్గలి, ఆస్పరి పల్లెల్లో వానాధారపు రైతు ఎవరైనా ఐపీ పెట్టి అప్పుల నుంచి బయటపడ్డాడని చెప్పుకోవడం వినం. వ్యాపారి పెట్టాడని వింటాం, చిట్టీలు నడిపినవాడు పెట్టాడని వింటాం. రైతు ఊరొదిలిపోతాడు, లేకుంటే ప్రాణమే వదులుతాడు.

ఎందుకిలా అయిందో తెలియాలంటే ఇక్కడి అప్పు ఎలా పుట్టి ఎలా పెరుగుతుందో ముందు చూడాలి.

ఈ నేల మీద రైతును ఒంటరి బాకీదారుగా నిలబెట్టిన చరిత్రకు పత్తికొండతో దగ్గరి సంబంధం ఉంది. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రిన్సిపల్‌ కలెక్టరుగా పనిచేసిన థామస్‌ మన్రో ఊరినో జమీందారునో నడుమ పెట్టకుండా ఒక్కో రైతుతో విడిగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీని ఇక్కడ స్థిరపరిచాడు. ఆయన 1827 జూలై 6న కలరాతో చనిపోయిందీ పత్తికొండలోనే. మన్రో మీద ఈ సీమలో ఇప్పటికీ గౌరవముంది, అది ఊరికే వచ్చింది కాదు. శిస్తు భారం ఎక్కువగా ఉందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లోనే పైవాళ్లకు రాశాడు. కానీ పట్టా రైతు పేరున వచ్చాక జరిగిన రెండో మార్పును కూడా చెప్పుకోవాలి. శిస్తు డబ్బు రూపంలో, గడువులోగా కట్టాలి. వాన రాకపోయినా గడువు ఆగదు. పట్టా ఉన్న పొలం కుదువకు పనికొస్తుంది, అమ్మకానికీ పనికొస్తుంది. షావుకారికి భరోసా దొరికింది, రైతుకు అప్పు దొరికింది. 1876-78 నాటి పెద్ద కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను తుడిచిపెట్టినంత పని చేసినప్పుడు ఈ భరోసా ఎంత ప్రమాదకరమో తేలిపోయింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు ఫ్రెడరిక్‌ నికల్సన్‌ మద్రాసు రాజధానిలో గ్రామీణ రుణాల మీద పెద్ద నివేదిక రాసి, జర్మనీలోని రైఫైజన్‌ తరహా పరపతి సంఘాలే దారి అన్నాడు. 1904లో వచ్చిన సహకార పరపతి చట్టానికి అది ఒక పునాది.

1938లో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం ఇంకాస్త ముందుకు పోయింది. 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టివేసింది. అసలుకు రెండింతలు ఇప్పటికే చెల్లించినవాడి బాకీ పూర్తిగా తీరినట్టే లెక్క అంది. అప్పుకు ఒక హద్దు ఉండాలన్న పాత ధర్మాన్ని శాసనంగా మార్చిన చట్టమది. 1977లో ఆంధ్రప్రదేశ్‌ చేసిన వ్యవసాయ రుణ ఉపశమన చట్టం చిన్న రైతులు, భూమిలేని కూలీలు, చేతివృత్తులవాళ్ల ప్రైవేటు బాకీలను రద్దు చేసింది. రెండూ ఆయా తేదీల నాటి గాయానికి మందు వేశాయి. తర్వాత తగిలే గాయానికి ఏర్పాటేదీ చేయలేదు.

ఇప్పుడు నోటు సంగతికి వద్దాం. ఊళ్లో అప్పు నూటికి నెలకు ఇన్ని రూపాయలని నడుస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే తెలిసినవాళ్లు, దగ్గరివాళ్లు ఇచ్చే మర్యాద వడ్డీ. అవసరం ముదిరితే మూడు, ఐదు కూడా. ప్రోనోటుకు చట్టంలో ఆయుష్షు మూడేళ్లు. ఆలోగా వెనకవైపు చెల్లు వేయించాలి, లేదంటే కాలదోషం పడుతుంది. కాబట్టి మూడో ఏడు ముగిసేలోపు నోటు తిరగరాయమని అడుగుతారు. తిరగరాసినప్పుడు పేరుకున్న వడ్డీ అసలులో కలుస్తుంది. లెక్క వేసి చూడండి. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినవాడు మూడేళ్లకు 1,72,000కు కొత్త నోటు రాస్తాడు. మరో మూడేళ్లకు అది 2,95,840 అవుతుంది. మూడు రూపాయల వడ్డీ అయితే ఆరేళ్లలో లక్ష కాస్తా 4,32,640కి చేరుతుంది. ఇందులో ఎక్కడా మోసం లేదు, ఎవరూ దొంగ లెక్క రాయలేదు. కాలపరిమితి చట్టం బాకీదారును కాపాడటానికి పెట్టిన మూడేళ్ల గడువే, పల్లెలో చక్రవడ్డీకి క్యాలెండరుగా మారింది. సంతకం చేసేవాడికి వేరే దారి లేదు. ఆ నోటు తిరగరాయనంటే రేపు విత్తనాలకు ఇచ్చేవాడుండడు.

ఆ లక్ష అసలు ఎందుకు తెచ్చినట్టు? ఈ పడమటి మండలాల్లో ఏడాదికి పడే వాన ఆరువందల మిల్లీమీటర్లకు అటూఇటూ. అదీ అదునుకు పడితేనే. పత్తి, వేరుశనగ, కంది, ఉల్లి, టమోటా పంటల మీదే బతుకు. నీళ్ల కోసం బోరు వేస్తే పడొచ్చు, పడకపోవచ్చు. పడనిదానికి కూడా రిగ్గువాడికి డబ్బు కట్టాల్సిందే. పడని బోరు ఒక్కటే ఒక కుటుంబాన్ని నోట్ల దారి పట్టిస్తుంది. రెండోది పట్టుదలతో వేస్తారు, నా లెక్కలో ఇక్కడి అప్పులన్నింటిలో అతి క్రూరమైనది ఆ రెండో బోరు అప్పు. ఎందుకంటే అది దురాశతో చేసింది కాదు, మొదటిది వృథా కాకూడదన్న ఆశతో చేసింది. టమోటా ఇంకో కథ. పత్తికొండ మార్కెట్టులో కాయ ఒక నెల బంగారంలా పలుకుతుంది. మరో నెల కిలో రూపాయికో రెండు రూపాయలకో దిగి, కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిపోతారు. పెట్టుబడి మాత్రం రెండు నెలల్లోనూ ఒకటే.

ఆసుపత్రి, పెళ్లి, పిల్లల చదువు ఏ ఊళ్లోనైనా ఉండేవే. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల అప్పులను చాలావరకు తప్పించింది, ఆ మేలు తక్కువది కాదు. కర్నూలు దాకా తిరిగే చార్జీలు, పని పోగొట్టుకున్న రోజులు, నెలనెలా కొనే మందులు మిగిలే ఉన్నాయి.

కౌలుదారు పరిస్థితి ఇంకా అన్యాయం. పొలం పట్టా వేరొకరి పేరున ఉంటుంది. పంట రుణం, బీమా, నష్టపరిహారం ఆ పట్టా చుట్టూనే తిరుగుతాయి. 2011లో ఒక చట్టం, 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. కానీ కార్డు చేతికి రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని ఆయనకు భయం. దాంతో కౌలుదారుకు బ్యాంకు గడప దొరకదు, నోటే గతి.

ఈ బాకీల బరువు ఎంతో ప్రభుత్వ అంకెలే చెబుతున్నాయి. జాతీయ గణాంక సంస్థ 2019లో చేసిన సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు బాకీ కుటుంబానికి 2,45,554 రూపాయలు. దేశంలో ఇదే అత్యధికం. దేశ సగటు 74,121. పడమటి కర్నూలు ఈ సగటు కంటే మెరుగ్గా ఉంటుందని నమ్మడానికి ఒక్క కారణమూ కనబడదు.

అప్పు తీర్చడానికి ఇక్కడివాళ్లకు తెలిసిన దారి సుగ్గి. పంట పనులు అయిపోగానే కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ ప్రాంతాల నుంచి ఊళ్లకు ఊళ్లే మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి ఏరడానికి, బెంగళూరు కట్టడాల పనికి పోతాయి. ముసలివాళ్లు, తాళం వేసిన ఇళ్లు మిగులుతాయి. బళ్లలో పిల్లలు సగమైపోతారు. 1920 చట్టం 6వ సెక్షన్‌ దివాలా లక్షణాల్లో ఒకటిగా చెప్పేది, అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో ఇల్లు విడిచిపోవడం. ఇక్కడ ఇల్లు విడిచిపోయేది ఆ అప్పు కట్టడానికే. ఆ చట్టం రాసినవాళ్ల కళ్లముందున్నది బజారులో కొట్టు మూసి పారిపోయే వర్తకుడు. సుగ్గికి పోయే సేద్యగాడు వాళ్ల ఊహలో లేడు.

రైతు ఐపీ పెట్టకపోవడానికి ఇదొక మూల కారణం. మిగతావి ఆచరణలో ఎదురవుతాయి. పిటిషన్‌తో పాటు అప్పులవాళ్లందరి జాబితా ఇవ్వాలి, అందరికీ నోటీసులు పోవాలి, పత్రికలో ప్రకటన రావాలి. విచారణ వాయిదాల మీద వాయిదాలుగా ఏళ్లు సాగుతుంది. వకీలు ఖర్చుకు మళ్లీ అప్పు చేయాలి. గడువులో డిశ్చార్జి అడక్కపోతే దివాలా ఉత్తర్వే రద్దయిపోవచ్చు. తనఖా ఉన్న బ్యాంకును ఆ ఉత్తర్వు ఆపదు. అన్నిటికంటే పెద్ద అడ్డు వేరే ఉంది. నోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్‌ ఇన్‌స్ట్రుమెంట్స్‌ చట్టం 138వ సెక్షన్‌ కింద క్రిమినల్‌ కేసు, రెండేళ్ల దాకా జైలు. దివాలా సివిల్‌ వ్యవహారం కాబట్టి ఆ కేసు దాని దారిన అది నడుస్తుంది. కట్టే శక్తి నిజంగా లేనివాణ్ని డిక్రీ బాకీ కోసం జైల్లో పెట్టడం తగదని 1980లో జాలీ జార్జ్‌ వర్గీస్‌ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్‌ కృష్ణయ్యర్‌ కలంతో చెప్పింది. ముందు గుమ్మంలో మూసిన జైలు తలుపు చెక్కు రూపంలో దొడ్డిదారిన తెరుచుకుంది.

ఇక ఐపీ అంటే జనానికున్న ఏవగింపు. అది అకారణం కాదు. ఆదోని పత్తికి, నూనెగింజలకు పెద్ద వ్యాపార కేంద్రం. సరుకు ఇచ్చి డబ్బు తర్వాత తీసుకోవడం ఇలాంటి మార్కెట్ల చుట్టూ ఎప్పుడూ ఉన్నదే. అలా ఎవరి చేతిలోనో సరుకు పెట్టిన రైతు, చిట్టీ కట్టిన చిరుద్యోగి, రెండు రూపాయలకు డబ్బిచ్చిన విధవరాలు, ఒక ఉదయం కోర్టు నోటీసు అందుకుని కుప్పకూలడం తెలుగునాట ప్రతి వ్యాపార పట్టణం చూసిందే. పిటిషన్‌కు ముందే ఇల్లు భార్య పేరుకు, స్థలం బావమరిది పేరుకు మారి ఉంటుంది. రెండేళ్లలోపు జరిగిన అలాంటి బదిలీలను రద్దు చేసే అధికారం 53వ సెక్షన్‌ కోర్టుకు ఇచ్చింది. ఒక అప్పులవాడికి మాత్రమే ముందుగా కట్టి మిగతావాళ్లను ముంచితే, మూడు నెలల్లోపుదైతే 54వ సెక్షన్‌ దాన్నీ చెల్లనివ్వదు. కానీ ఆ బదిలీ వెతికి పట్టి, రుజువు చేసే భారం అప్పిచ్చినవాళ్ల మీద పడుతుంది. వాళ్లు ఇరవైమందో రెండొందల మందో విడివిడి మనుషులు. ఒక్కొక్కరి బాకీ వకీలు ఫీజుకు చాలదు. దాంతో తెలివిగా ముంచేవాడికి చట్టం గొడుగైంది, నిజంగా మునిగినవాడికి అంటరానిదైంది. ఐపీ పెట్టినవాడంటే మోసగాడేనన్న పేరు స్థిరపడ్డాక, పరువు మీదే కొత్త అప్పు పుట్టే పల్లెలో ఏ రైతు ఆ మెట్లెక్కుతాడు?

ఇంతకంటే మంచి చట్టం చేశామని ఢిల్లీ చెప్పి పదేళ్లు కావస్తోంది. టి.కె.విశ్వనాథన్‌ కమిటీ 2015లో ఇచ్చిన నివేదిక మీద 2016లో ఇన్సాల్వెన్సీ అండ్‌ బ్యాంక్రప్ట్సీ కోడ్‌ వచ్చింది. కంపెనీల భాగం వెంటనే అమలైంది. మూడో భాగం వ్యక్తులది. 2019 డిసెంబరు 1 నుంచి దాన్ని కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల వరకే అమలు చేశారు. ఆ విభజన చెల్లుతుందని 2021 మేలో సుప్రీంకోర్టు లలిత్‌కుమార్‌ జైన్‌ కేసులో చెప్పింది. ఫలితంగా కోట్ల అప్పుకు జామీను నిలిచిన పారిశ్రామికుడికి 2016 చట్టం, బోరు వేసి నష్టపోయిన తుగ్గలి రైతుకు 1920 చట్టం. పాత చట్టాన్ని రద్దుచేసే సెక్షన్‌ కూడా కోడ్‌లో ఉంది, దానికీ ఇంకా ప్రాణం పోయలేదు.

ఆ మూడో భాగంలో అతి పేదల కోసం ‘ఫ్రెష్‌ స్టార్ట్‌’ అనే అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం అరవై వేలు, ఆస్తి ఇరవై వేలు, అప్పు ముప్పై అయిదు వేలు మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. అలాంటివాడి బాకీలను ఆరు నెలల ఆగుదలతో మాఫీ చేయొచ్చు. ఉద్దేశం గొప్పది. కానీ మన రైతు కుటుంబం సగటు బాకీ రెండున్నర లక్షలు కాగా మాఫీకి హద్దు ముప్పై అయిదు వేలు. ఊళ్లో మట్టిమిద్దె ఉన్నవాడు కూడా అనర్హుడే. పైగా విచారించేది రుణ వసూలు ట్రిబ్యునల్‌. అవి హైదరాబాద్‌, విశాఖపట్నం లాంటి నగరాల్లో ఉంటాయి. రేపు నోటిఫై చేసినా పత్తికొండ మనిషికి ఆ అధ్యాయం అందదు. అంకెలు మార్చకుండా, కోర్టును దగ్గరకు తేకుండా కేవలం అమలు చేయండని అడగడం వల్ల ప్రయోజనం లేదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఇతర దేశాలు ఈ పని ఎలా చేసుకున్నాయో తెలిస్తే మనది అసాధ్యమైన కోరిక కాదని అర్థమవుతుంది. మనకు 1920 చట్టాన్ని ఇచ్చిపోయిన ఇంగ్లండులో 2004 నుంచి మామూలు దివాలాదారు ఏడాదికే బాకీల నుంచి విడుదలవుతాడు. 1980లలో అమెరికా పల్లెల్లో భూముల ధరలు కూలి, వడ్డీలు పెరిగి రైతులు మునిగిపోతుంటే, 1986లో అక్కడి కాంగ్రెసు రైతు కుటుంబాల కోసమే చాప్టర్‌ 12 అని విడిగా ఒక దివాలా పద్ధతి పెట్టింది. రైతు సేద్యం ఆపనక్కర్లేదు. పొలంలో ఉంటూనే మూడు నుంచి ఐదేళ్లలో తన రాబడిలోంచి కట్టగలిగినంత కట్టేలా కోర్టు ప్రణాళిక ఆమోదిస్తుంది. తాత్కాలికంగా పెట్టిన ఆ అధ్యాయాన్ని 2005లో శాశ్వతం చేశారు. దగ్గరలో చూస్తే కేరళ 2006 నాటి చట్టంతో రైతు రుణ ఉపశమన కమిషన్‌ను ఏర్పాటు చేసింది, తెలంగాణ 2016లో చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తులవాళ్ల కోసం రుణ కమిషన్‌ చట్టం చేసింది.

మనదగ్గర రాజకీయం రుణమాఫీ చుట్టూ తిరిగింది. 2008లో కేంద్రం, 2014 తర్వాత కుటుంబానికి లక్షన్నర హద్దుతో రాష్ట్రం మాఫీ చేశాయి. అవి బ్యాంకు బాకీలకు వర్తించాయి. నోటు బాకీని ఏ మాఫీ తాకలేదు. బ్యాంకు దాకా పోలేని కౌలుదారు మాఫీ వార్తను పేపర్లోనే చదివాడు. మహిళా సంఘాల్లోకి చొరబడిన మైక్రోఫైనాన్స్‌ వారం వారం వసూళ్లతో ప్రాణాలు తీసినప్పుడు 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌ ఆర్డినెన్స్‌ తెచ్చి అడ్డుకట్ట వేసింది. ఆ వేగం చూస్తే, తలచుకుంటే ప్రభుత్వం అప్పుల వ్యవహారంలో జోక్యం చేసుకోగలదని తెలుస్తుంది. పది సంవత్సరాలకు ఫోన్‌లో రుణాల యాప్‌లు వచ్చి అదే వేధింపును మళ్లీ మొదలుపెట్టాయి. ఒక్కో అప్పు రూపానికి ఒక్కో చట్టం చేస్తూ పోతే అప్పు ఎప్పుడూ ఒక అడుగు ముందుంటుంది. మనిషి బాకీలన్నిటినీ కలిపి చూసే వేదిక కావాలి.

పర్యవసానాల్లో ఒక దాని గురించి ఎవరూ తగినంత మాట్లాడరు. 2005 హిందూ వారసత్వ సవరణతో తండ్రి బాకీ కొడుకు తీర్చాలన్న ధర్మబద్ధ బాధ్యతను, ఆ తర్వాత చేసిన అప్పుల వరకు, చట్టం ఎత్తేసింది. తండ్రి వదిలిన ఆస్తి మేరకే వారసుడికి బాధ్యత. ఈ సంగతి ఊళ్లలో తెలియదు. భర్త పోయిన ఇంటి ముందు కూర్చున్నవాళ్లు ఆ ఇల్లాలి చేత, చదువుకునే కొడుకు చేత కొత్త నోటు రాయిస్తారు. సంతకం పెట్టిన క్షణాన లేని బాకీ వాళ్ల సొంత బాకీ అవుతుంది. పిల్లవాడు చదువు మాని సుగ్గికి పోతాడు. మండల న్యాయసేవల కమిటీలు ఈ ఒక్క మాట ప్రతి ఊళ్లో తెలుగులో గోడమీద రాయించినా ఎన్నో ఇళ్లు నిలుస్తాయి.

అప్పిచ్చినవాడి పక్షాన కూడా న్యాయముంది. రెండు రూపాయలకు ఇచ్చేవాళ్లలో రిటైరైన పంతులుగారు, కూతురి పెళ్లికి దాచుకున్న కూలి ఇల్లాలు ఉంటారు. వాళ్ల డబ్బు రాత్రికి రాత్రి పోగొట్టే చట్టం మరో ఇంటిని ముంచుతుంది. పెద్దమనుషుల పంచాయితీల్లో రూపాయికి పావలానో అర్ధో చొప్పున అందరూ సర్దుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1920 చట్టంలోనూ ఆ దారి ఉంది. సంఖ్యలో సగానికి పైగా, విలువలో నాలుగింట మూడు వంతుల అప్పులవాళ్లు ఒప్పుకుంటే రాజీ ప్రతిపాదనను కోర్టు ఆమోదించవచ్చు. ఆ రాజీకి అలాంటి చిన్న అప్పులవాళ్లకు ముందు చెల్లించే నియమం కలిపితే చాలు. అసలుకు రెండింతలు ఇప్పటికే రాబట్టుకున్నవాడు మాత్రం వరుసలో చివర నిలవాలి, 1938 చట్టం నేర్పిన న్యాయం అదే.

ఇందులో అన్నిటికీ పార్లమెంటు దాకా ఎదురుచూడాల్సిన పని లేదు. 1920 చట్టం కింద జిల్లా కోర్టులకున్న అధికారాన్ని కింది కోర్టులకు ఇచ్చే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. రైతు, నేతగాడు, కూలీ పెట్టే పిటిషన్లకు న్యాయసేవల సంస్థ ఉచితంగా వకీలును పెట్టవచ్చు. ఊళ్లలో ఉన్న వ్యవసాయ సహాయకులు బాకీల జాబితా రాసిపెట్టగలరు. త్రిసభ్య కమిటీ చావు తర్వాత నింపే ఆ పట్టికే ఇక్కడా సరిపోతుంది. పిటిషన్‌ వేసిన రోజు నుంచి ఆరు నెలలు వసూళ్లు, చెక్కు కేసులు ఆగేలా మాత్రం కేంద్రం చట్టం మార్చాలి, కోడ్‌ మూడో భాగంలోని అప్పు హద్దు కనీసం ఐదు లక్షలకు పెంచాలి, విచారణ సీనియర్‌ సివిల్‌ జడ్జి కోర్టులో జరగాలి. ఆదోని కోర్టుకు పత్తికొండ నుంచి పొద్దున బస్సెక్కి పోయినవాడు పొద్దుగూకేలోపు తిరిగి ఇంటికి రాగలడు.